యుద్ధకాలపు జపాన్ నాయకులు, వాళ్ల సిద్ధాంతాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధం గురించి తెలుగులో చదివేవాళ్లకు హిట్లర్, చర్చిల్, స్టాలిన్ బాగా తెలుసు. జపాన్ దగ్గరికి వచ్చేసరికి పెర్ల్ హార్బర్, హిరోషిమా, నేతాజీ అనే మూడు పేర్లతో కథ అయిపోతుంది. కానీ ఆ యుద్ధంలో మన తీరం మీద బాంబులు వేసింది జపాన్. రంగంలో (బర్మాలోని రంగూన్‌లో) కూలి చేసుకుని బతుకుతున్న తెలుగువాళ్లు పిల్లాపాపలతో అడవుల వెంట నడిచి రావలసి వచ్చింది కూడా జపాన్ సైన్యం బర్మా మీదికి రావడం వల్లే. ఆ దేశాన్ని యుద్ధంలోకి నడిపింది ఎవరు, వాళ్లు ఏం నమ్మారు, చివరికి ఎవరు జవాబు చెప్పారు అని అడిగేవాళ్ల కోసం ఈ పేజీ.

నా అభిప్రాయం ముందే చెబుతాను. జపాన్‌ను ఒక్క నియంత యుద్ధంలోకి దించలేదు. నిర్ణయం తీసుకునేటప్పుడు ప్రతివాళ్లూ చక్రవర్తి పేరు చెప్పారు, లెక్క చెప్పాల్సి వచ్చినప్పుడూ అదే పేరు వెనక దాక్కున్నారు. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఇదే.

జపాన్‌లో హిట్లర్ లాంటివాడు ఎవరు?

ఎవరూ లేరు. చాలామంది హిడెకి టోజో పేరు చెబుతారు. కానీ టోజో ప్రధాని అయింది 1941 అక్టోబరులో. అప్పటికి చైనాలో పూర్తిస్థాయి యుద్ధం మొదలై నాలుగేళ్లు దాటింది. 1944 జూలైలో సైపాన్ దీవి చేజారగానే ఆయన చేత రాజీనామా చేయించారు. అప్పటికి ఇంకా ఏడాదికి పైగా యుద్ధం మిగిలే ఉంది. హిట్లర్‌ను అలా దించగలిగినవాళ్లు జర్మనీలో లేరు. 1937 జూలై నుంచి 1945 ఆగస్టు దాకా జపాన్‌లో ఏడుగురు ప్రధానులు పనిచేశారు. వాళ్లలో ఫుమిమారో కొనోయె మధ్యలో దిగిపోయి మళ్లీ వచ్చారు. ఆ కాలమంతా మారకుండా ఉన్నది సింహాసనం మీది హిరోహితో చక్రవర్తి ఒక్కరే.

ప్రధాని ఉండగా సైన్యానికి అంత బలం ఎలా వచ్చింది?

1889 నాటి రాజ్యాంగంలోనే వచ్చింది. దాని ప్రకారం సైన్యానికీ నౌకాదళానికీ అధిపతి చక్రవర్తి. సేనా వ్యూహాలు చూసే ప్రధాన కార్యాలయాలు మంత్రివర్గంతో నిమిత్తం లేకుండా నేరుగా ఆయనకే నివేదించేవి. సేనలు ఎక్కడికి కదలాలి, ఎప్పుడు కదలాలి అన్న విషయంలో ప్రధాని వేలు పెడితే చక్రవర్తి అధికారాన్ని కాదన్నట్టే అని సైన్యం వాదించేది.

దీనికి తోడు ఇంకో మెలిక ఉంది. సైనిక మంత్రి, నౌకాదళ మంత్రి పదవుల్లో ఉద్యోగంలో ఉన్న జనరల్, అడ్మిరల్ మాత్రమే కూర్చోవాలి. ఈ నిబంధన 1900లో వచ్చింది, 1913లో సడలించారు, 1936లో మళ్లీ బిగించారు. ప్రభుత్వం నచ్చకపోతే సైన్యం తన మంత్రి చేత రాజీనామా చేయించి, ఆ కుర్చీలోకి ఇంకొకరిని పంపకుండా ఊరుకుంటే చాలు, మంత్రివర్గం కూలిపోతుంది. 1940 జూలైలో మిత్సుమసా యొనాయి ప్రభుత్వాన్ని ఇలాగే పడగొట్టారు. యొనాయి జర్మనీతో పొత్తుకు అడ్డంగా ఉన్నారు. ఆయన దిగిన రెండు నెలలకే, సెప్టెంబరు 27న, జర్మనీ, ఇటలీలతో త్రైపాక్షిక ఒప్పందం మీద జపాన్ సంతకం చేసింది.

పార్లమెంటు మాత్రం నడుస్తూనే ఉంది. 1940 ఫిబ్రవరిలో టకావొ సైటో అనే సభ్యుడు లేచి, చైనా యుద్ధం ఎందుకు చేస్తున్నాం, ఎక్కడ ఆపుతాం అని సభలో నిలదీశారు. నెల తిరిగేసరికి ఆయన సభ్యత్వం పీకేశారు. 1942 ఎన్నికల్లో ఆయన నియోజకవర్గం ఓటర్లు ఆయన్నే మళ్లీ గెలిపించి పంపారు. ఈ కథలో తలెత్తుకుని నిలబడే పేర్లు తక్కువ. సైటో పేరు వాటిలో ఉండాలి.

ఈ నాయకులు నమ్మిన సిద్ధాంతం ఏమిటి?

నాజీలకు ఉన్నట్టు ఒక్క పుస్తకం, ఒక్క పార్టీ లేవు. మూడు నాలుగు నమ్మకాలు కలిసి పెనవేసుకున్నాయి.

మొదటిది చక్రవర్తి దైవత్వం. సూర్యదేవత వంశంలో తెగకుండా వస్తున్న చక్రవర్తి, ఆయనకు బిడ్డల్లాంటి ప్రజలు, ఇద్దరినీ విడదీయలేని జాతి. దీన్ని కొకుతాయ్ అనేవారు. 1890లో వెలువడిన విద్యా శాసనాన్ని పిల్లలు బళ్లలో కంఠతా పట్టేవారు. 1882లో సైనికులకు ఇచ్చిన శాసనంలో కర్తవ్యం పర్వతం కన్నా బరువైనదనీ, మరణం ఈక కన్నా తేలికైనదనీ ఉంది. ఆ మాటలు చదివి పెరిగినవాళ్లే 1940ల్లో సేనలను నడిపారు.

రెండోది, పాశ్చాత్య దేశాలు తమను మోసం చేశాయన్న కసి. ఇది ఒట్టి కల్పన కాదు. 1919 పారిస్ శాంతి సభలో జాతుల సమానత్వాన్ని ఒప్పందంలో చేర్చమని జపాన్ అడిగితే తోసిపుచ్చారు. ఇంగ్లండ్, అమెరికాలు తమ లాభాన్నే శాంతి అని పిలుస్తున్నాయని కొనోయె 1918లోనే వ్యాసం రాశారు. అప్పటికి ఆయన వయసు 27. ఈ ఫిర్యాదులో నిజం ఉంది కాబట్టే అది అంతగా పనిచేసింది. కానీ సమానత్వం అడిగిన ఆ దేశమే 1910లో కొరియాను మింగేసి, తర్వాత కొరియన్ల చేత పేర్లు కూడా మార్పించింది.

మూడోది, ప్రపంచమంతా ఒకే కప్పు కిందికి రావాలన్న నినాదం, హక్కో ఇచియు. మొదటి చక్రవర్తి జిమ్ము పేరు మీద చెలామణీ అయిన మాట అది. 1940లో, జపాన్ రాజ్యం పుట్టి 2600 ఏళ్లయిందని సంబరాలు చేసిన సంవత్సరంలో, ప్రభుత్వ విధానంలోకి ఎక్కింది. ఆ ఆగస్టులోనే విదేశాంగ మంత్రి యొసుకె మత్సుఒకా "మహా తూర్పు ఆసియా సహ సమృద్ధి మండలం" అనే పేరు ప్రకటించారు.

వీటికి విరుద్ధంగా మాట్లాడినవాళ్లకు ఏమయ్యేదో తత్సుకిచి మినొబె కథ చెబుతుంది. ఆయన టోక్యో విశ్వవిద్యాలయంలో రాజ్యాంగ పండితుడు. చక్రవర్తి రాజ్యంలో ఒక అంగమే, రాజ్యానికి అతీతుడు కాడు అన్నది ఆయన సిద్ధాంతం. దశాబ్దాలుగా న్యాయవిద్యార్థులు చదివిన పాఠమే ఇది. 1935లో ఉన్నట్టుండి అది ద్రోహమైంది. పుస్తకాలు నిషేధించారు, ఎగువ సభ పదవికి రాజీనామా చేయించారు, మరుసటి ఏడాది ఆయన మీద కాల్పులు జరిగాయి. ఆ సిద్ధాంతంలో తప్పేమీ లేదని స్వయంగా హిరోహితోయే అప్పట్లో తన సైనిక సహాయక జనరల్‌తో అన్నారు. చక్రవర్తి భక్తి పేరుతో చక్రవర్తి అభిప్రాయాన్నే పక్కన పెట్టేశారు.

సైన్యంలో వర్గాలు ఉండేవా?

రెండు ముఖ్యం. "సామ్రాట్ మార్గం" వర్గానికి సదావొ అరకి లాంటి జనరళ్లు పెద్దదిక్కు. ఆత్మబలం ఉంటే ఆయుధబలం లోటు తీరుతుందని వీళ్ల నమ్మకం. ఊళ్లలో రైతులు బిడ్డలను అమ్ముకునేంత కరువు చూసి వచ్చిన యువ అధికారులు వీళ్ల చుట్టూ చేరారు. అవినీతి మంత్రులనూ ధనిక కుటుంబాలనూ తుడిచిపెట్టి, చక్రవర్తి నేరుగా పాలిస్తే అన్నీ బాగుపడతాయనుకున్నారు. ఇక్కి కిటా అనే రచయిత వాళ్లకు గురువు.

రెండోది "నియంత్రణ" వర్గం. మొదటి ప్రపంచ యుద్ధం చూసినవాళ్లు. ఇకముందు యుద్ధమంటే ఫ్యాక్టరీలు, బొగ్గు, రైళ్లు, దేశం మొత్తం అని వీళ్లకు అర్థమైంది. తిరుగుబాట్లతో పని లేకుండా, అధికార యంత్రాంగం ద్వారానే దేశాన్ని సైన్యం చేతిలోకి తేవాలన్నారు. టెత్సుజాన్ నగాతా వీళ్ల మేధావి. 1935 ఆగస్టులో అవతలి వర్గం అధికారి ఒకడు ఆయన్ను కార్యాలయంలోనే కత్తితో చంపాడు. టోజో ఈ వర్గంవాడే.

1936 ఫిబ్రవరి 26 వేకువజామున దాదాపు 1,500 మంది సైనికులతో యువ అధికారులు టోక్యో నడిబొడ్డును ఆక్రమించారు. ఆర్థిక మంత్రి కొరెకియో టకాహాషిని పడకలోనే చంపారు. చక్రవర్తి మండిపడ్డారు. సైన్యం తటపటాయిస్తుంటే, అవసరమైతే తానే ముందు నడిచి అణచివేస్తానన్నారు. నాలుగు రోజుల్లో తిరుగుబాటు ముగిసింది. కిటాతో సహా పలువురికి మరణశిక్ష పడింది. కానీ లాభపడింది ప్రజాస్వామ్యం కాదు. మళ్లీ ఇలాంటిది జరగకుండా చూస్తామంటూ నియంత్రణ వర్గం తన పట్టు ఇంకా బిగించుకుంది. మంత్రుల నిబంధన తిరిగొచ్చింది అప్పుడే.

మంచూరియాను ఆక్రమించమని ఎవరు ఆదేశించారు?

టోక్యో ఆదేశించలేదు. 1931 సెప్టెంబరు 18 రాత్రి చైనా ఈశాన్యంలోని మంచూరియాలో, ముక్దెన్ దగ్గర జపాన్ సొంత రైలు మార్గం మీద చిన్న పేలుడు జరిపించి, ఆ నేరం చైనావాళ్ల మీదికి నెట్టింది అక్కడ మకాం వేసిన జపాన్ దళం, క్వాంటుంగ్ సైన్యం అధికారులు. పథకం లెఫ్టినెంట్ కర్నల్ కాంజి ఇషివారాది, ఆయనకు జంట కర్నల్ సైషిరో ఇటగాకి. ఇషివారా నిచిరెన్ అనే జపాన్ బౌద్ధ శాఖను నమ్మినవాడు. తూర్పుకు నాయకత్వం వహించే జపాన్‌కూ, పశ్చిమానికి నాయకత్వం వహించే అమెరికాకూ మధ్య ఒక అంతిమ యుద్ధం జరుగుతుందనీ, దాని తర్వాత శాశ్వత శాంతి వస్తుందనీ గట్టిగా నమ్మారు. ఆ యుద్ధానికి కావలసిన ఇనుము, బొగ్గు, నేల మంచూరియాలో ఉన్నాయి.

ప్రభుత్వం ఆపమంది. సైన్యం ముందుకే పోయింది. 1932లో మంచుకువో అనే బొమ్మ రాజ్యం వెలిసింది, చైనా చివరి చక్రవర్తి పుయీని దాని మీద కూర్చోబెట్టారు. ఆదేశం ధిక్కరించినవాళ్లకు శిక్షలు పడలేదు, ప్రమోషన్లు వచ్చాయి. నా లెక్కలో జపాన్ పతనం మొదలైంది ఇక్కడ. పైవాళ్లకు ఇష్టం లేకపోయినా గెలిచి చూపిస్తే మెచ్చుకుంటారని ప్రతి కింది అధికారికీ తెలిసిపోయింది. ఆ మే 15న ప్రధాని త్సుయోషి ఇనుకాయిని నౌకాదళ యువ అధికారులు ఇంట్లోనే కాల్చి చంపారు. దాంతో పార్టీల ప్రభుత్వాల కాలం ముగిసింది.

1937లో చైనా యుద్ధాన్ని విస్తరిస్తుంటే, అది ఊబి అని ఇదే ఇషివారా గట్టిగా వ్యతిరేకించారు. మంచూరియాలో మీరు చేసిన పనే మేమూ చేస్తున్నామని కిందివాళ్లు ఆయనకు జవాబు చెప్పారు.

చైనాలో జరిగినదానికి బాధ్యులెవరు?

1937 జూలై 7న బీజింగ్ దగ్గర మార్కో పోలో వంతెన వద్ద చిన్న కాల్పులతో మొదలైంది. అక్కడే సర్దుబాటు చేసుకునే వీలుంది. ప్రధాని కొనోయె సేనలను పంపడానికి ఒప్పుకున్నారు. 1938 జనవరిలో చైనా నాయకుడు చియాంగ్ కై-షెక్ ప్రభుత్వంతో ఇక మాట్లాడేదే లేదని ప్రకటించి, రాజీ దారిని ఆయనే మూసేశారు. సౌమ్యుడు, సంస్కారవంతుడు అని ఆయనకు పేరు. ఈ యుద్ధాన్ని నడిపించిన దూకుడు జనరళ్లను ఎంత తప్పుపట్టాలో, వాళ్లకు అడ్డు చెప్పలేని ఈ పెద్దమనిషిని కూడా అంతే తప్పుపట్టాలి.

1937 డిసెంబరు 13న అప్పటి చైనా రాజధాని నాన్జింగ్ పడింది. ఆ తర్వాతి వారాల్లో పట్టుబడ్డ సైనికులనూ పౌరులనూ గుంపులు గుంపులుగా చంపారు, స్త్రీలను చెరిచారు. మృతులు రెండు లక్షలకు పైగా ఉంటారని, యుద్ధం తర్వాత జపాన్ నాయకులను విచారించిన టోక్యో న్యాయస్థానం తేల్చింది, చైనా ప్రభుత్వం మూడు లక్షలంటుంది. అక్కడి సేనాధిపతి ఇవానె మత్సుయికి తర్వాత ఉరిశిక్ష పడింది. నగరంలోకి దూసుకెళ్లిన సేనలకు నాయకత్వం వహించిన రాజకుమారుడు అసాకా మీద విచారణే జరగలేదు. రాజకుటుంబీకుడు మరి.

మంచూరియాలో షిరో ఇషీ నడిపిన 731వ దళం బతికున్న ఖైదీల మీద రోగక్రిముల ప్రయోగాలు చేసింది. యుద్ధం తర్వాత ఆ ప్రయోగాల వివరాలు ఇచ్చినందుకు బదులుగా అమెరికా ఆయన్ను విచారణ నుంచి తప్పించింది. నన్ను అన్నిటికంటే కలచివేసే విషయం ఇదే.

ఇది ఫాసిజమేనా?

చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. వీధుల్లోంచి ఎదిగి అధికారం పట్టిన పార్టీ జపాన్‌లో లేదు. 1940 అక్టోబరులో పార్టీలన్నీ రద్దయ్యాక ఏర్పడిన "సామ్రాట్ పాలనా సహాయ సంఘం" పైనుంచి కట్టినది. 1942 ఏప్రిల్‌లో సాధారణ ఎన్నికలే జరిగాయి. 466 స్థానాల్లో 381 ప్రభుత్వం సిఫార్సు చేసినవాళ్లు గెలిచారు, 85 చోట్ల సిఫార్సు లేనివాళ్లు. నాజీ జర్మనీలో ఊహించలేని సంగతి ఇది. మరోవైపు 1925 నాటి శాంతి పరిరక్షణ చట్టం కింద వేలాదిమందిని అరెస్టు చేశారు, పత్రికల నోరు నొక్కారు. నేను సైనికవాదం అన్న మాటే వాడతాను. చైనా రైతుకు గానీ కొరియా ఆడపిల్లకు గానీ ఈ తేడాతో ఒరిగిందేమీ లేదు.

గెలవలేమని తెలిసీ అమెరికా మీద ఎందుకు దాడి చేశారు?

జపాన్ వాడే చమురులో దాదాపు 80 శాతం అమెరికా నుంచే వచ్చేది. 1941 జూలైలో జపాన్ దక్షిణ ఇండోచైనాలోకి సేనలను దించగానే అమెరికా తన దగ్గరున్న జపాన్ ఆస్తులు స్తంభింపజేసి చమురు ఆపేసింది. ఇప్పుడు రెండే దారులు: చైనా నుంచి వెనక్కి రావడం, లేదా డచ్చివాళ్ల చేతిలో ఉన్న ఇండోనేషియా చమురు బలవంతంగా తీసుకోవడం. చైనాలో అంతమంది చనిపోయాక ఉత్తచేతులతో ఎలా వెనక్కి వస్తామని టోజో వాదన.

ఆ ఆగస్టులోనే సంపూర్ణ యుద్ధ పరిశోధనా సంస్థలోని యువ అధికారులు లెక్కలు వేసి, యుద్ధం దీర్ఘకాలం సాగి ఓటమి తప్పదని తేల్చారు. టోజో ఆ నివేదిక విన్నారు. కాగితం మీది లెక్కలు వేరు, అసలు యుద్ధం వేరు అని పక్కన పెట్టారు.

సెప్టెంబరు 5న జరిగిన సంభాషణను కొనోయె రాసిపెట్టారు. దక్షిణాన ఎంతకాలంలో ముగిస్తారని చక్రవర్తి అడిగితే, సేనాధిపతి సుగియామా మూడు నెలలన్నారు. చైనా వ్యవహారం నెలలో అయిపోతుందని 1937లో సైనిక మంత్రిగా మీరే అన్నారు, నాలుగేళ్లయినా కాలేదే అన్నారు హిరోహితో. చైనా లోతట్టు విశాలమైనదని సుగియామా సర్దిచెప్పబోయారు. పసిఫిక్ అంతకన్నా విశాలం కాదా అని చక్రవర్తి ఎదురు ప్రశ్న వేశారు. ఇంత సూటిగా ప్రశ్న అడిగిన మనిషి మరునాటి సభలో శాంతిని కోరే తాతగారి పద్యం ఒకటి చదివి ఊరుకున్నారు. డిసెంబరు 1న యుద్ధానికి ఆమోదం తెలిపారు.

యమమొటో యుద్ధాన్ని వ్యతిరేకించాడంటారు, నిజమేనా?

నిజం. ఇసొరోకు యమమొటో హార్వర్డ్‌లో చదివారు, వాషింగ్టన్‌లో నౌకాదళ ప్రతినిధిగా పనిచేశారు. అమెరికా ఫ్యాక్టరీల, చమురు బావుల బలం కళ్లారా చూశారు. జర్మనీతో పొత్తును వ్యతిరేకించినందుకు ఆయనకు చంపుతామని బెదిరింపులు వచ్చేవి. ఆరు నెలలో ఏడాదో చెలరేగిపోగలను, ఆ తర్వాత సంగతి హామీ ఇవ్వలేను అని కొనోయెకు చెప్పారు. అయినా పెర్ల్ హార్బర్ పథకం ఆయనదే. పట్టుబట్టి, రాజీనామా చేస్తానని బెదిరించి మరీ ఒప్పించారు.

1941 డిసెంబరు 7న దాదాపు 2,400 మంది అమెరికన్లు చనిపోయారు. దాదాపు ఆరు నెలలకు పసిఫిక్‌లోని మిడ్వే దీవి దగ్గర జపాన్ నాలుగు విమానవాహక నౌకలు పోగొట్టుకుంది. ఆ నష్టం ఎంతో ప్రజలకు చెప్పలేదు. 1943 ఏప్రిల్ 18న, సంకేత సందేశాలను ఛేదించిన అమెరికన్లు బూగన్‌విల్ దీవి మీద ఆయన విమానాన్ని కూల్చారు. యమమొటో అభిమానులు ఆయన్ను శాంతికాముకుడిగా చూపిస్తుంటారు. వద్దని నమ్మిన యుద్ధానికి తన ప్రతిభంతా ధారపోసిన మనిషిని అలా పిలవడం నాకు ఒప్పుగా అనిపించదు.

విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసింది ఎవరి ఆదేశంతో?

1942 ఏప్రిల్‌లో వైస్ అడ్మిరల్ చుయిచి నగుమో పెద్ద నౌకాదళంతో హిందూ మహాసముద్రంలోకి వచ్చి 5న కొలంబో, 9న ట్రింకోమలీ మీద దాడి చేశారు. అదే సమయంలో వైస్ అడ్మిరల్ జిసబురో ఒజావా విడి దళంతో బంగాళాఖాతంలో సరుకు ఓడలను వేటాడారు. ఆయన దళంలోని ర్యూజో నౌక నుంచి లేచిన విమానాలు ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ప్రాణనష్టం పెద్దది కాదు గానీ తీరమంతా టెన్షన్ పట్టుకుంది. జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు పోయారు. మద్రాసులో కూడా సగం ఊరు ఖాళీ అయింది. భారత్ మీదికి సేనలు దించే ఆలోచన ఆ దాడి వెనక లేదు. బర్మాలో ఉన్న తమ సేనలకు సముద్రం వైపు నుంచి ముప్పు లేకుండా చూసుకోవడమే ఉద్దేశం. విశాఖ మ్యూజియంలో ఆనాటి బాంబు ఒకటి ఇప్పటికీ చూడవచ్చు.

అంతకన్నా పెద్ద దెబ్బ బర్మాలో తగిలింది. రంగం రేవులో, మిల్లుల్లో పనిచేసినవాళ్లలో గోదావరి, విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లినవాళ్లు ఎంతోమంది. 1942లో బర్మా నుంచి దాదాపు ఐదు లక్షల మంది భారతీయులు బయల్దేరారు. ఓడ దొరకనివాళ్లు అరకాన్, మణిపూర్ కొండల గుండా నడిచారు. కలరాతో, ఆకలితో వేలమంది దారిలోనే పోయారు.

"ఆసియా ఆసియావాళ్లకే" అన్న నినాదం నిజాయితీగా అన్నదేనా?

అన్నవాళ్లలో కొందరు మనసారా నమ్మారు. మలయాలో మేజర్ ఇవాయిచి ఫుజివారా భారత సైనికులను గౌరవంగా చూసి, కెప్టెన్ మోహన్ సింగ్‌తో కలిసి తొలి ఆజాద్ హింద్ ఫౌజ్‌కు పునాది వేశారు. ఫుజివారా మాటలో కపటం లేదనే నాకూ అనిపిస్తుంది. కానీ ఆయన చిన్న అధికారి. పైవాళ్లకు కావలసింది చమురు, రబ్బరు, బియ్యం, కూలీలు.

థాయ్‌లాండ్, బర్మాల మధ్య వేసిన రైలు మార్గమే దానికి సాక్ష్యం. మిత్రదేశాల యుద్ధఖైదీలు 12,000 మందికి పైగా అక్కడ చనిపోయారు. ఆసియా కూలీల్లో చనిపోయినవాళ్లు అంతకు ఎన్నో రెట్లు, వాళ్లలో మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన దక్షిణ భారతీయులు చాలామంది. సమాధుల మీద పేర్లున్నది తెల్ల సైనికులకే.

అండమాన్‌లో ఇంకా దారుణం. అక్కడి భారత స్వాతంత్ర్య సంఘం అధ్యక్షుడు, డాక్టర్ దివాన్ సింగ్‌ను గూఢచారి అని జపాన్ సేనలు చిత్రహింసలు పెట్టాయి. 1944 జనవరి 14న ఆయన చనిపోయారు. జనవరి 30న హంఫ్రీగంజ్‌లో ఆ సంఘానికే చెందిన 44 మందిని కాల్చి చంపారు. బర్మాలో జపాన్ తయారుచేసిన సైన్యమే, ఆంగ్ సాన్ నాయకత్వంలో, 1945 మార్చి 27న జపాన్ మీద తిరగబడింది.

నేతాజీ జపాన్ సిద్ధాంతాన్ని నమ్మారా?

ఆయన లక్ష్యం బ్రిటిష్‌వాళ్లను వెళ్లగొట్టడం. దానికి ఎవరి సాయమైనా తీసుకుంటానని దాచకుండా చెప్పారు. జర్మనీ నుంచి జలాంతర్గామిలో వచ్చినప్పుడు వెంట ఉన్న ఒకే ఒక్క భారతీయుడు హైదరాబాదు వాడైన ఆబిద్ హసన్. "జై హింద్" నినాదం ఇచ్చింది ఆయనే అని చెబుతారు. 1943 నవంబరులో టోజో టోక్యోలో ఏర్పాటు చేసిన మహా తూర్పు ఆసియా సభకు బోస్ పరిశీలకుడిగానే వెళ్లారు. స్వతంత్ర భారతాన్ని ఆ మండలంలో సభ్యదేశంగా కట్టిపడేయడం ఆయనకు ఇష్టం లేదు.

1944లో రెన్యా ముతగూచి ఇంఫాల్ మీదికి నడిపిన దండయాత్రలో ఆజాద్ హింద్ దళాలు కూడా పోరాడాయి. తిండి, మందులు చేరే దారి లేకుండా సేనలను కొండల్లోకి పంపారు. దాదాపు 30,000 మంది జపాన్ సైనికులు చనిపోయారు, ఎక్కువమంది ఆకలితో, రోగాలతో.

బోస్ దేశభక్తిని శంకించక్కర్లేదు. అయితే ఆ దేశభక్తి కారణంగా జపాన్ సైన్యం చేసిన పనులను మనం కప్పిపుచ్చకూడదు. హంఫ్రీగంజ్‌లో నేలకొరిగినవాళ్లు కూడా భారత స్వాతంత్ర్యం కోరినవాళ్లే.

లొంగిపోవడం కన్నా చావే మేలని అంతమంది ఎందుకు నమ్మారు?

జపాన్ సంప్రదాయమే అలాంటిదని అనేస్తుంటారు. అది సరికాదు. 1904-05 రష్యా యుద్ధంలో జపాన్ ఖైదీలను మర్యాదగా చూసిందని పేరు తెచ్చుకుంది. 1941 జనవరిలో సైనిక మంత్రిగా టోజో జారీ చేసిన నియమావళిలో, బందీగా బతికి అవమానం పొందవద్దని రాశారు. తమవాళ్లకే లొంగుబాటు నిషిద్ధమైనప్పుడు, తమకు లొంగినవాళ్లను మనుషులుగా చూడలేదు. జపాన్ చేతిలో పాశ్చాత్య ఖైదీల్లో 27 శాతం చనిపోయారని టోక్యో తీర్పులో ఉంది.

1944 అక్టోబరులో ఫిలిప్పీన్స్‌లోని లేతె దగ్గర వైస్ అడ్మిరల్ తకిజిరో ఒనిషి ఆత్మాహుతి దళాలు మొదలుపెట్టారు. పంపినవాళ్లు అడ్మిరళ్లు, వెళ్లినవాళ్లలో చాలామంది చదువు మధ్యలో ఆపి వచ్చిన కాలేజీ కుర్రాళ్లు.

చివరికి యుద్ధాన్ని ఎవరు ఆపారు?

1945 ఆగస్టు 9 నాటికి హిరోషిమా కాలిపోయింది, సోవియట్ సేనలు మంచూరియాలోకి దిగాయి. ఆరుగురు పెద్దల యుద్ధ మండలి చర్చిస్తుండగానే నాగసాకి వార్త వచ్చింది. ప్రధాని కంటారో సుజుకి, విదేశాంగ మంత్రి షిగెనొరి టోగో, నౌకాదళ మంత్రి యొనాయి ఒక్క షరతుతో లొంగిపోదామన్నారు: సింహాసనం ఉండాలి. సైనిక మంత్రి కొరెచికా అనామి, సేనాధిపతి ఉమెజు, నౌకాదళాధిపతి టొయోదా ఇంకో మూడు షరతులు పెట్టారు. ముగ్గురూ ముగ్గురూ. ఎటూ తేలక చక్రవర్తిని అడిగారు. ఆ అర్ధరాత్రి దాటాక ఆయన లొంగుబాటు వైపు మొగ్గారు. 14వ తేదీ రాత్రి కొందరు అధికారులు రాజభవనంలో చొరబడి చక్రవర్తి ప్రసంగం రికార్డు కోసం వెతికారు, దొరకలేదు. అనామి కడుపు కోసుకుని చనిపోయారు. 15న ప్రజలు తొలిసారి చక్రవర్తి గొంతు రేడియోలో విన్నారు.

ఆపగల మాట ఆయనకు ఉందని ఆ రాత్రి రుజువైంది. అలాంటప్పుడు మార్చిలో ఒక్క రాత్రి టోక్యో బాంబుదాడిలో లక్షమంది చనిపోకముందే ఎందుకు అనలేదన్న ప్రశ్న జపాన్‌లోనే చాలామంది అడిగారు. నేనూ అడుగుతాను.

చక్రవర్తిని ఎందుకు విచారించలేదు?

ఓడిన జపాన్‌ను ఆక్రమించిన సేనల అధిపతి, అమెరికా జనరల్ మెకార్థర్‌కు హిరోహితో అవసరం పడింది. చక్రవర్తిని బోనెక్కిస్తే దేశం అదుపులో ఉండదని మెకార్థర్ అంచనా. 1947 డిసెంబరు చివర్లో టోజో సాక్ష్యం చెబుతూ, చక్రవర్తి ఇష్టానికి వ్యతిరేకంగా ఏ జపాన్ పౌరుడూ నడుచుకోడని నోరు జారారు. అంటే యుద్ధం కూడా ఆయన ఇష్టమేనా? ప్రాసిక్యూషన్‌వాళ్లే కంగారుపడి, టోజోకు కబురు పంపించి, వారం తిరక్కుండా ఆ మాట సరిదిద్దించారు. హిరోహితో 1989 జనవరి దాకా సింహాసనం మీదే ఉన్నారు.

టోక్యో విచారణలో రాధా వినోద్ పాల్ అందరినీ నిర్దోషులన్నారా?

అన్నారు, కానీ ఎందుకన్నారో చూడాలి. 1946 మే నుంచి 1948 నవంబరు దాకా సాగిన విచారణలో 11 దేశాల న్యాయమూర్తులు కూర్చున్నారు. 28 మంది మీద అభియోగం మోపారు, 25 మందికి శిక్ష పడింది. టోజో, ఇటగాకి, మత్సుయిలతో సహా ఏడుగురిని 1948 డిసెంబరు 23న ఉరితీశారు. వాళ్లలో ఒకే ఒక్క పౌరుడు మాజీ ప్రధాని కోకి హిరోతా. కొనోయె అరెస్టుకు ముందే, 1945 డిసెంబరులో, విషం తాగి చనిపోయారు.

కలకత్తా హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన పాల్, దురాక్రమణ యుద్ధం అనే నేరం ఆ పనులు చేసిన నాటికి చట్టంలో లేదనీ, గెలిచినవాళ్లు ఓడినవాళ్లకు తీర్పు చెప్పడం న్యాయం కాదనీ రాశారు. అణుబాంబును కూడా ప్రస్తావించారు. అయితే నాన్జింగ్‌లో ఘోరాలు జరగలేదని ఆయన అనలేదు. సాక్ష్యం బలంగా ఉందనే రాశారు. బోనులో ఉన్నవాళ్లు ఆదేశించినట్టు రుజువు కాలేదన్నారు. ఈ రెండో సగాన్ని వదిలేసి ఆయన్ను వాడుకునేవాళ్లు జపాన్‌లోనూ ఉన్నారు, మన దగ్గరా ఉన్నారు.

శిక్ష తప్పించుకున్నవాళ్లు ఏమయ్యారు?

చాలామంది మళ్లీ పైకొచ్చారు. మంచుకువో పరిశ్రమలను నడిపి, టోజో మంత్రివర్గంలో పనిచేసిన నొబుసుకె కిషి మూడేళ్లు జైల్లో ఉండి విచారణ లేకుండా 1948లో విడుదలయ్యారు. 1957లో ప్రధాని అయ్యారు, ఆ ఏడాదే ఢిల్లీ వచ్చి నెహ్రూను కలిశారు. 2020 దాకా ప్రధానిగా ఉన్న షింజో అబె ఆయన మనవడే. 2007లో భారత్ వచ్చినప్పుడు అబె కోల్‌కతా వెళ్లి పాల్ కుమారుడిని కలిశారు. ఉరిపడ్డ ఏడుగురితో సహా 14 మంది ప్రధాన యుద్ధ నేరస్థుల పేర్లను 1978లో, యుద్ధాల్లో చనిపోయినవాళ్ల స్మృతి కోసం టోక్యోలో ఉన్న యసుకుని ఆలయంలో చేర్చారు. ఆ తర్వాత హిరోహితో అక్కడికి వెళ్లనే లేదు. ఆయన కొడుకు గానీ, ఇప్పటి చక్రవర్తి అయిన మనవడు గానీ ఆ హోదాలో అక్కడ అడుగుపెట్టలేదు. ప్రధానులు, మంత్రులు మాత్రం వెళ్తుంటారు. వెళ్లిన ప్రతిసారీ బీజింగ్, సియోల్ నిరసన తెలుపుతాయి.